కొత్త గిటారుకి పానా పెడితే తప్పా?



రెండు వారాలుగా మా ఖాందాన్‌లో ఒకటే ముచ్చట. "కొత్త గిటారు తెచ్చిన నెలకే తల విప్పేశారంట కదా!" ఫుప్పు ఫోన్ చేసి అడిగారు. ఖాలా వాయిస్ మెసేజ్ పెట్టారు. మొన్న ఒక వలీమాలో దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నాక మా జేఠానీ అందరి ముందూ ఎత్తారు. ఇంట్లో మయ్యత్ అయినట్టు పలకరిస్తున్నారు. విప్పింది మా బేటీ. పానా చేతికిచ్చింది నేను. కాబట్టి జవాబు నేనే చెప్పాలి. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేంత సబర్ నాకు లేదు. ఇక్కడే అందరికీ కలిపి చెప్తున్నాను.

జరిగింది ఇది. మా బేటీ ఇంటర్ మొదటి సంవత్సరం. మూడేళ్ల ఈదీలు, పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పి సంపాదించినవి కలిపి 11,500 రూపాయలకు ఒక అకూస్టిక్ గిటారు కొనుక్కుంది. పైచెక్క స్ప్రూస్, పక్కలూ వీపూ పొరలు అతికించిన చెక్క. ఆవాజ్ బాగానే ఉంది. కానీ తీగలు శ్రుతిలో నిలబడవు. సాయంత్రం కలిపితే ఇషా వేళకి దిగిపోతాయి. మూడో తీగ, అంటే జి తీగ, మరీ మొండి. దుకాణంలో అడిగితే "కొత్త తీగలు కదమ్మా, సాగుతాయి" అన్నారు. అది సగం నిజం. మిగతా సగం మేమే వెతికాం. వెతికాక గిటారు తల మీదున్న ట్యూనర్లు ఆరింటినీ తీసి, 1,600 రూపాయలు పెట్టి కొత్తవి తెచ్చి, మా బేటీయే బిగించింది. గిటారు సలామత్‌గా ఉంది. శ్రుతీ నిలబడింది.

ఇంతమాత్రానికే నాలుగు ఇల్జామ్‌లు మా మీద. ఒకటి, కొత్తదాన్ని విప్పకూడదు. రెండు, పెద్ద కంపెనీది కొని ఉంటే ఈ తంటా ఉండేది కాదు. మూడు, ఇది ఫుజూల్ ఖర్చీ. నాలుగోది ఎవరూ నోరు విప్పి అనరు, మొహంలో కనబడుతుంది: ఆడపిల్లేంటి, గిటారేంటి, పైగా పానా పట్టడమేంటి అని. వరసగా చూద్దాం.

కొత్తదాన్ని విప్పకూడదంటారా? కొత్త చీర ఫాల్ కుట్టించకుండా మీలో ఎవరు కడుతున్నారో చెప్పండి. కొత్త బుర్ఖా తెచ్చిన రోజే అంచు మడిచి కుట్టుకుంటాం. కొత్త కుట్టుమిషన్ ఇంటికొస్తే పెడల్ పక్కన పెట్టి మోటారు బిగిస్తాం. ఇక బండ్ల సంగతి. షోరూమ్ నుంచి బండి తెచ్చిన వారం లోపు సైలెన్సర్ మారుతుంది, హ్యాండిల్ మారుతుంది, ట్యాంకు మీద 786 ఎక్కుతుంది. ఆ సైలెన్సర్ మొత్తం మొహల్లా నిద్ర చెడగొడుతుంది. దానికి మాత్రం "షౌఖ్‌లే బేటాకి" అని నవ్వుతాం. ఫ్యాక్టరీలో చేసిన వస్తువు అందరికీ ఒకే కొలత. మన ఒంటికి, మన చేతికి, మన అవసరానికి సరిపోయేలా చేసుకునేది మనమే. గిటారుకి మాత్రం ఈ ఖాయిదా ఎందుకు వర్తించదో ఎవరైనా చెప్తే వింటాను.

రెండో మాట, పెద్ద కంపెనీది కొనాల్సింది అన్నది. ఇక్కడ కొంచెం లోపలికి వెళ్లాలి. ఎందుకంటే ఈ మాట అనేవాళ్లెవరూ ట్యూనరు లోపల ఏముందో చూడలేదు.

వీణకు బిరడలు, సితారుకు ఖూంటీలు ఎలాగో గిటారుకు ట్యూనర్లు అలాగ. తీగను బిగించడం, వదలడం వాటి పని. బిరడా, ఖూంటీ చెక్క రంధ్రంలో రాపిడితో నిలబడతాయి. గిటారు ట్యూనర్లో మాత్రం గేరు ఉంటుంది. మనం పట్టుకుని తిప్పే గుండీకి ఒక సన్నటి కడ్డీ, ఆ కడ్డీకి స్క్రూ మీద ఉన్నట్టు మర. ఆ మర ఒక చిన్న పళ్లచక్రాన్ని తిప్పుతుంది. చక్రంతో పాటు పోస్టు తిరిగి తీగను చుట్టుకుంటుంది. ట్యూనర్ డబ్బా మీద 14:1, 18:1 అని రాసి ఉంటుంది చూడండి. గుండీ పద్ధెనిమిది సార్లు తిరిగితే పోస్టు ఒక్కసారి తిరుగుతుందని దానర్థం. అంటే గుండీ ఒక చుట్టు తిప్పితే పోస్టు కదిలేది 20 డిగ్రీలే. 14:1లో అయితే దాదాపు 26 డిగ్రీలు. తక్కువ కదిలితే శ్రుతిని నాజూగ్గా కలపొచ్చు.

మా మర్హూమ్ అబ్బా గుంటూరులో సైకిల్ షాపు నడిపేవారు. ఆయన షాపులో పెరిగిన నాకు ఈ లెక్క కొత్త కాదు. సైకిల్ ముందు చక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకి 18 పళ్లు ఉంటే, పెడల్ ఒక చుట్టుకి వెనక చక్రం రెండుంపావు దాటి, దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. అక్కడ తక్కువ తిప్పి ఎక్కువ పొందుతాం. ట్యూనర్లో ఎక్కువ తిప్పి తక్కువ పొందుతాం. ఇల్మ్ ఒకటే, ఇటు తిప్పితే ఒక పని, అటు తిప్పితే ఇంకో పని.

ఈ మర గేరుకి ఇంకో ఖూబీ ఉంది. గుండీ చక్రాన్ని తిప్పగలదు గానీ చక్రం గుండీని తిప్పలేదు. మామూలుగా వాడే 12-53 సైజు స్టీలు తీగలు శ్రుతిలో ఉన్నప్పుడు ఒక్కొక్కటీ పది కిలోలకు పైగా లాగుతుంది. ఆరూ కలిపితే 70 కిలోలు దాటుతుంది. ఒక పెద్దమనిషి వేలాడుతున్నంత బరువు. అంత లాగుతున్నా మంచి గేరు వెనక్కి జారదు. అందుకే శ్రుతి దిగిన ప్రతిసారీ ట్యూనర్‌ని తిట్టడం ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంటుంది. చాలాసార్లు కసూర్ వేరే చోట ఉంటుంది.

మా బేటీ ముందు ఆ వేరే చోట్లే చూసింది. కొత్త తీగలు సాగుతాయన్నది నిజం కాబట్టి, ప్రతి తీగనీ వేళ్లతో మెల్లగా పైకి లాగి, మళ్లీ కలిపి, నాలుగు రోజులు అదే పని చేసింది. తర్వాత చుట్లు. పోస్టు మీద తీగ వరసగా రెండు మూడు చుట్లుంటే చాలు. మా గిటారుకి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఏడెనిమిది చుట్లున్నాయి. అవి సర్దుకునే కొద్దీ తీగ వదులవుతుంది. విప్పి సరిగ్గా చుట్టింది. ఆ తర్వాత నట్. అంటే మెడ పైభాగాన, తీగలు గాళ్లలో కూర్చునే తెల్ల పట్టీ. ఆ గాడి బిగుతుగా ఉంటే తీగ అక్కడ ఇరుక్కుని, గుండీ తిప్పినప్పుడు ఏమీ కాక, ఉన్నట్టుండి టింగ్ మని జారుతుంది. గాడిలో పెన్సిల్ ముక్కు రుద్దితే ఆ గ్రాఫైటే నూనెలా పని చేస్తుంది. ఖర్చు సున్నా. చివరగా ఒక ఆదత్. శ్రుతి ఎక్కువైతే నేరుగా దించి ఆపకూడదు. ఇంకా కిందికి దించి, కింద నుంచి పైకి తెచ్చి ఆపాలి. అప్పుడు గేరు పళ్ల మధ్య సందు తీగ లాగుడుతోనే మూసుకుంటుంది.

ఇవన్నీ చేశాక ఐదు తీగలు నిలబడ్డాయి. జి తీగ నిలబడలేదు. దాని గుండీ పావు చుట్టు తిప్పినా పోస్టు కదలడం లేదు. నట్టు బిగించినా, గుండీ చివరున్న చిన్న స్క్రూ బిగించినా పోస్టు తన గూట్లోనే ఊగుతోంది. అప్పుడు తేలింది, ఈ ఒక్కదాంట్లో గేరే సరిగ్గా లేదని. ఆరింటిలో ఐదు కసూర్లు ట్యూనర్‌వి కావు, ఒకటి అవును. చూడకుండా "మొత్తం కంపెనీయే ఖరాబ్" అనడం, చూడకుండా "తీగలు సాగుతాయి లెండి" అనడం రెండూ ఒకే బద్ధకం.

ఇప్పుడు చెప్పండి, యాభై వేల గిటారు కొంటే ఏమయ్యేది? దానికీ కొత్త తీగలు సాగుతాయి. దాని నట్‌లోనూ తీగ ఇరుక్కోవచ్చు. ఎండాకాలం మన రాయలసీమ పొడిగాలికి దాని చెక్కా ముడుచుకుంటుంది. కోస్తా చెమ్మకి దాని చెక్కా ఉబ్బుతుంది. చెక్క కదిలితే శ్రుతి కదులుతుంది. ధర ఎక్కువ పెట్టినంత మాత్రాన ఆ గిటారు గురించి మనకేం తెలియదు. మా బేటీకి తన 11,500 గిటారు గురించి ఇప్పుడు తెలిసినంత, యాభై వేలు పోసి మూలన నిలబెట్టిన చాలామందికి తెలియదు. అలాగని విడిభాగాలమ్మే వాళ్ల మాటలకి నేను మురిసిపోవడం లేదు. "మా ట్యూనర్ వేస్తే ఆవాజ్ మారిపోతుంది" అంటారు. ఆవాజ్ పైచెక్కది, తీగలది, వేళ్లది. ట్యూనరు శ్రుతిని పట్టి ఉంచుతుంది. ఆ పని చేస్తే చాలు.

మూడోది ఫుజూల్ ఖర్చీ. 1,600 రూపాయలు. ఒక్క ట్యూనరు విడిగా దొరకలేదు, సెట్టుగానే అమ్ముతారు. అందుకే ఆరూ కొనాల్సి వచ్చింది. ఎలాగూ ఆరూ మారుస్తున్నప్పుడు పాత 14:1 బదులు 18:1 తీసుకుంది. గుండీలు క్రోమ్ బదులు నల్ల కర్రలా కనిపించేవి ఎంచుకుంది. అవును, గుండీల రంగు షౌఖే. దానికి నేను సంజాయిషీ ఇవ్వను. తన సాజ్ తన కళ్లకు ముద్దుగా కనిపించాలని పదహారేళ్ల పిల్ల అనుకోవడం గునా అయితే, మనింటి దుల్హన్ల గాజులకూ గోటా కిన్నరీకీ ముందు లెక్క చెప్పండి.

ఫుజూల్ ఖర్చీ అంటే ఏంటి? నా లెక్కలో, డబ్బు పోయాక చేతిలో గానీ తలలో గానీ ఏమీ మిగలకపోవడం. ఒక్క రాత్రి స్టేజీ మీద కాగితం పూలకి వేలకు వేలు పోస్తున్నాం. తెల్లారితే అవి చెత్తబండిలో ఉంటాయి. దావత్‌లో పళ్లేల్లో వదిలేసిన బిర్యానీ ఖరీదు కట్టండి. ఒక మొహల్లా పిల్లలందరికీ గిటార్లు వస్తాయి. దాన్ని ఇజ్జత్ అంటాం. పిల్ల తన సొంత డబ్బుతో ఒక యంత్రాన్ని అర్థం చేసుకుంటే ఇస్రాఫ్ అంటాం!

ఈ 1,600కి మా బేటీ ఏం నేర్చుకుందో కూడా వినండి. ఆమెకి ముందు నచ్చింది ఈ సెట్టు కాదు. పాతకాలం గిటార్లకి ఉండేలా గేరు బయటికి కనిపించే ఓపెన్ ట్యూనర్లు కావాలని జిద్. నేను వద్దనలేదు. అబ్బా డబ్బాలోంచి వెర్నియర్ తీసి ఇచ్చాను. మూడు కొలతలు రాసుకుంది: తల మీద రంధ్రం వెడల్పు, తల మందం, వెనక స్క్రూ రంధ్రం ఎక్కడుందన్నది. రంధ్రం 10 మిల్లీమీటర్లు. ఇప్పటి మూసిన ట్యూనర్లకు సరిపోయే కొలత. ఆమె మోజుపడ్డ పాత రకానికి బుష్ ఇంకా సన్నం. 10 మిల్లీమీటర్ల రంధ్రంలో వదులుగా ఊగుతుంది. మధ్యలో కన్వర్షన్ బుష్‌లు వేయాలి. పైగా వెనక పాత స్క్రూ రంధ్రాలు బయటికి కనిపిస్తాయి. ఇదంతా కాగితం మీద గీసుకుని, అమ్మీ, మూసిన రకమే తీసుకుంటాను, అంది. నేను గంట తక్రీర్ ఇచ్చినా రాని ఫైసలా అది. కొలత వచ్చింది, జిద్ తనంతట తనే దిగింది.

తర్వాత పని. తీగలు వదులు చేసి తీసింది. పది నంబర్ పానాతో ముందువైపు నట్లు విప్పింది. సైకిల్ షాపులో వాడే అదే పానా. వెనక స్క్రూలు విప్పి పాతవి ఆరూ ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైన తారీఖు రాసింది. కొత్తవాటి స్క్రూ చోటు కొంచెం పక్కకి వచ్చింది. అక్కడ సన్నటి రంధ్రం చేయాలి. డ్రిల్ బిట్‌కి ఎంత లోతు దిగాలో అక్కడ టేపు చుట్టింది, లేకపోతే తల ఆ చివరిదాకా చిల్లు పడుతుంది. స్క్రూకి కొవ్వొత్తి మైనం రాసింది, గట్టి చెక్కలో చిన్న స్క్రూ మెడ విరక్కుండా. నట్టు బిగించేటప్పుడు వాషర్ కింద పాలిష్ పగలకుండా, ఆగే దగ్గర ఆగింది. మూడు గంటలు పట్టింది. ఏ కోచింగ్ సెంటర్లో ఇది చెప్తారు? ఫిజిక్స్ పుస్తకంలో గేర్ నిష్పత్తి, తీగ బిగువు, కంపనం వేర్వేరు పాఠాలు. ఇక్కడ మూడూ ఒకే చెక్క ముక్క మీద దొరికాయి.

ఇక నాలుగోది. మనవాళ్లు నోరు విప్పి అననిది.

కుట్టుమిషన్ ముందు కూర్చునే ఏ ఆపానైనా అడగండి. పై దారం బిగువు ఎంత ఉండాలో వేలితో పట్టి చెప్తుంది. బాబిన్ కేసు స్క్రూ పావు చుట్టు తిప్పి కుట్టు సరిచేస్తుంది. ఎక్కడ నూనె చుక్క వేయాలో తెలుసు. అది యంత్రం కాదా? అందులో గేర్లు లేవా? దారం బిగువు సరిచేసే చేయి తీగ బిగువు సరిచేస్తే ఆకాశం ఊడిపడుతుందా? దారం అయితే ఆడవాళ్ల పని, ఇనుము అయితే మగవాళ్ల పని అని ఎవరు పంచారు?

దీని వెనక ఇంకో సంగతి ఉంది. అది నాకు ఇంకా మంట. పానా అంటేనే మనకి షరమ్. మా అబ్బా నలభై ఏళ్లు సైకిళ్లు బాగుచేశారు. నమాజుకి ముందు కిరోసిన్‌తో చేతులు రుద్దుకుని, తర్వాత సబ్బుతో కడిగి, వుజూ చేసుకునేవారు. ఆ చేతుల మెహనత్‌తో మేం ముగ్గురం చదువుకున్నాం. నాకు రిష్తా వచ్చినప్పుడు మా వాళ్లే "అబ్బాకి బిజినెస్ ఉంది" అని చెప్పారు. సైకిల్ షాపు అనే మాట నోట్లోంచి రాలేదు. ఆ రోజు అబ్బా మొహం నాకు గుర్తుంది. ఆంధ్రా, తెలంగాణ ఏ ఊరికైనా వెళ్లండి. మోటార్ మెకానిక్, వెల్డింగ్, తాళాల రిపేరు, పంక్చర్ షాపు, సీట్ల పని. బోర్డుల మీద పేర్లు చదవండి. ఆ పేర్లు మనవి. ఊరంతటి బండ్లు మన చేతుల మీద నడుస్తాయి. అయినా మనింట్లో పిల్ల పానా పడితే "ఛీ, మెకానిక్ పనా" అంటాం. పిల్లలు గ్రీజు జిందగీ దాటి పైకి రావాలని తల్లిదండ్రులు కోరుకోవడం నాకు తెలుసు. నేనూ అదే కోరుకుంటున్నాను. గరీబీ దాటాలి. గరీబీతో పాటు హునర్ కూడా పారేయాలని ఎవరు చెప్పారు? డాక్టరమ్మ చేతికి కూడా పని చేసే వేళ్లే కావాలి కదా.

మీరజ్ పేరు వినే ఉంటారు. మహారాష్ట్రలో సితార్లకూ తంబూరాలకూ పేరున్న ఊరు. అక్కడ సాజ్ చేసే ఖాందాన్‌లు షికల్‌గార్‌లు. కత్తులకు సాన పట్టి, ఆయుధాలు బాగుచేసిన ముస్లిం కారీగర్లు. ఆయుధాల రోజులు పోయాక అదే చేతులతో సాజ్‌లు చేయడం మొదలుపెట్టారు. 2024లో మీరజ్ సితారుకీ తంబూరాకీ జీఐ గుర్తింపు వచ్చింది. ఇనుము పట్టిన చేయి సుర్ పట్టలేదనే వాళ్లకి ఆ ఊరు జవాబు.

"గిటారు మనది కాదు" అంటారు ఇంకొందరు. ప్రపంచంలో అన్నీ మనమే కనిపెట్టామని వాట్సాప్‌లో తిరిగే గొప్పలు నాకొద్దు. ఉన్నది చెప్తాను. గిటారు అనే పేరు గ్రీకు కిథారాతో చుట్టరికం ఉన్న మాట. అరబీలో అది ఖీతారా. యూరప్ వాళ్ల ల్యూట్ పేరు మాత్రం సూటిగా అరబీ అల్-ఊద్ నుంచి వచ్చింది. తీగల సాజ్‌లు ఉందులుస్ మీదుగా అటూ ఇటూ నడిచాయి. మర గేరున్న తలతో గిటార్లు చేసినవాళ్లలో 19వ శతాబ్దపు వియన్నా కారీగర్ స్టౌఫర్ ఒకడు. ఆ పద్ధతి తలనే తన మొదటి గిటార్లకు పెట్టిన సి.ఎఫ్. మార్టిన్ 1833లో అమెరికా చేరాడు. అదే మార్టిన్ కంపెనీ 1969లో బ్రెజిల్ కర్ర దొరకడం కష్టమై మన దేశపు రోజ్‌వుడ్‌కి మారింది. మన ఊళ్లలో జిట్రేగి అంటామే, ఆ కర్ర. అంటే ఏ సాజ్ అయినా నాలుగు దేశాల చేతులు పడి తయారైందే.

మర గేరు కూడా మన గడపకి పరాయిది కాదు. పత్తి నుంచి గింజ వేరుచేసే పాత చర్ఖీలో రెండు చెక్క రోలర్లు ఎదురెదురుగా తిరగాలి. ఒక చేయి తిప్పితే రెండూ తిరగడానికి చెక్కలోనే చెక్కిన మరలు ఒకదాంట్లో ఒకటి ఇమిడి ఉండేవి. ట్యూనర్లో మరకీ దానికీ ఖాందాన్ ఒకటే. గింజ తీశాక ఆ పత్తి వచ్చేది మా నానా దగ్గరికి. నానా దూదేకేవారు. విల్లుకి కట్టిన నరం బిగువు సరిగ్గా ఉంటేనే దూది విచ్చుకుంటుంది. వేలితో మీటి, ఆవాజ్ విని, చాలదనుకుంటే ఇంకాస్త బిగించేవారు. బిగువు చెవితో చూడటం మా ఇంటి విద్య. దాన్ని మా బేటీ యాప్‌లో చూస్తోంది, తేడా అంతే.

సాజ్ విషయంలో ఆలిమ్‌ల మధ్య ఇఖ్తిలాఫ్ పాతది. ఇంట్లో సాజ్ అసలే వద్దని, షాదీల్లోనూ వద్దని, తమ కొడుకుల విషయంలోనూ వద్దని నిలబడే ఇళ్లున్నాయి. వాళ్ల మాటకి నేను ఇజ్జత్ ఇస్తాను. ఈ బహస్ వాళ్లతో కాదు. నా బహస్, బారాత్‌లో డీజే పెట్టి కిటికీ అద్దాలు అదరగొట్టి, మర్ఫా కొట్టించి నాట్యాలు చేసి, తెల్లారి ఇంట్లో పిల్ల మెల్లగా ఒక తీగ మీటితే "మనవాళ్లకి నప్పదు" అనే వాళ్లతో. నప్పనిది శబ్దమా, లేక ఆ శబ్దం చేసేది ఆడపిల్ల కావడమా, ఏదో ఒకటి చెప్పండి. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ నాదస్వరం వాయించి 1977లో పద్మశ్రీ అందుకున్నారు. షేక్ మహబూబ్ సుబానీ, ఆయన బీవీ కాలీషాబీ జంటగా నాదస్వరం వాయిస్తారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ వచ్చింది. ఆ ఫోటో వచ్చిన రోజు మన గ్రూపుల్లో "మాషా అల్లా, మన ఖౌమ్ ఇజ్జత్" అని ఎంతమంది పెట్టలేదు? పద్మశ్రీ వచ్చాక మన బిడ్డ, నేర్చుకునేటప్పుడు మాత్రం బద్‌నామా?

నేను అన్ని గిటార్లూ విప్పమని చెప్పడం లేదు. దానికీ ఒక హద్దుంది. పాతకాలం నాటి ఖరీదైన గిటారైతే దాని అస్లీ ట్యూనర్లు అలాగే ఉండాలి, మారిస్తే విలువ పడిపోతుంది. వారంటీ ఉన్నదానికి కొత్త చిల్లు పెట్టేముందు దుకాణంలో రాతపూర్వకంగా అడగాలి. చిల్లు అవసరం లేకుండా అదే రంధ్రంలో కూర్చునే ట్యూనర్ దొరికితే అదే తెచ్చుకోవాలి. అప్పుడు ఎప్పుడంటే అప్పుడు పాతవి తిరిగి పెట్టుకోవచ్చు. బ్రిడ్జి, లోపలి దుంపలు, మెడ అతుకు జోలికి పిల్లలు పోకూడదు. అది ఉస్తాద్‌ల పని. ట్యూనర్ మాత్రం నేర్చుకోవడానికి సరైన చోటు. బయటికి కనిపిస్తుంది, విప్పితే వస్తుంది, బిగిస్తే కూర్చుంటుంది. సరిగ్గా చేశామో లేదో వెంటనే చెవికి తెలుస్తుంది.

ఖాందాన్‌కి నా అర్జీ ఇది. వచ్చే ఈద్‌కి మీ బేటీలకు ఈదీతో పాటు ఒక చిన్న స్క్రూడ్రైవర్ సెట్టు ఇవ్వండి. ఇంట్లో గిటారు ఉంటే నట్ గాడిలో పెన్సిల్ రుద్దడం దగ్గర మొదలుపెట్టించండి. గిటారు లేకపోతే కుట్టుమిషన్, సైకిల్, మూగబోయిన గోడగడియారం ఏదైనా సరే. ముందు కొలవమనండి, రాసుకోమనండి, విప్పినవి ఒక డబ్బాలో పెట్టి పేరు రాయమనండి. పక్కన కూర్చోండి, కానీ చేతిలోంచి పానా లాక్కోకండి. మీ అబ్బాదో నానాదో పాత పనిముట్ల డబ్బా అటక మీద తుప్పు పడుతుంటే కిందికి దించండి. రిష్తా వాళ్లు వచ్చినప్పుడు ఆ డబ్బా ఎవరిదో, దాంతో ఆయన ఏం పని చేశారో పేరు పెట్టి చెప్పండి.

మా బేటీ ఇంకా మూడు తాళాలే సరిగ్గా వాయిస్తుంది. వేళ్ల కొసలు గట్టిపడుతున్నాయి. ఎలా వాయిస్తోందో అడగడానికి ఫోన్ చేయండి, మాట్లాడదాం. విప్పిందా అని అడగడానికి అయితే జవాబు పైన ఉంది, మళ్లీ చదువుకోండి.

ఖుదా హాఫిజ్.